జాజ్ వారసత్వానికి దివ్యమైన ముహూర్తం

ఆ గురువారం ఉదయం ఆరు గంటలకల్లా నాగేశ్వరప్రసాద్ స్నానం ముగించి, పట్టుపంచె కట్టుకుని, హాల్లో ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఆనాటి కార్యక్రమాన్ని పైకి చదివాడు. వినడానికి భార్య సత్యలక్ష్మి తప్ప ఎవరూ లేరు. ఆవిడ వంటింట్లో కొబ్బరి కోరుతూ వింటోంది.

"ఎనిమిదింటికి స్టేషన్లో ఢిల్లీ మేడమ్‌కి స్వాగతం. పదింటికి జ్యోతి ప్రజ్వలన. పదీ పదికి శిలాఫలకం ఆవిష్కరణ. పదీ ఇరవై నుంచి పన్నెండున్నర దాకా ఉపన్యాసాలు. పన్నెండున్నరకి గంగరాజు బ్యాండు, పది నిమిషాలు. పన్నెండూ నలభైకి భోజనాలు."

"సంగీతం గురించి పెట్టిన సభలో సంగీతం పది నిమిషాలేనా?" అంది సత్యలక్ష్మి.

"తొమ్మిదిమంది వక్తలున్నారే. ఒక్కళ్లని తీసేసినా రేపట్నుంచి మన షాపు గుమ్మం తొక్కరు."

"ఇంతకీ బ్యాండు వాళ్లకి తాంబూలం ఇచ్చారా?"

"తాంబూలాలూ తమలపాకులూ ఏంటి? ఇది పెళ్లా? ఆహ్వానపత్రిక పంపించాం. ఆర్ట్ పేపరు మీద, రెండు రంగుల్లో వేయించింది."

సత్యలక్ష్మి ఇంకో కొబ్బరి చిప్ప అందుకుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ నేర్చుకున్న విద్య అది.

నాగేశ్వరప్రసాద్‌కు రాజమండ్రిలో పెద్ద బట్టల కొట్టుంది. దానితోపాటు రాజమండ్రి జాజ్ సంగీత వారసత్వ పరిరక్షణ సమితి అధ్యక్ష పదవి కూడా ఉంది. జాజ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఏడాది కిందట, అంటే తొంభై ఎనిమిదిలో, కాలేజీలో చరిత్ర చెప్పే దుర్గాసాయి ఒక వ్యాసం రాశాడు. పూర్వం రైల్వే క్వార్టర్సులో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు సాయంత్రాలు సాక్సోఫోన్ మీద జాజ్ వాయించేవాడనీ, పెళ్లి బ్యాండులో పనిచేసే ఒకాయన ప్రహరీ గోడ అవతల నిలబడి విని విని చివరికి ఆ గార్డు దగ్గరే విద్య నేర్చుకున్నాడనీ, ఆయన కొడుకు గంగరాజు ఈనాటికీ పెళ్లి ఊరేగింపుల్లో అదే బాణీలో వాయిస్తున్నాడనీ అందులో ఉంది. ఆ వ్యాసం ఎవరూ చదవలేదు. ఇలాంటి వారసత్వాలకు భవనాలు మంజూరు చేసే శాఖ ఒకటి ఢిల్లీలో ఉందని చివర్లో ఒక వాక్యం ఉంది. నాగేశ్వరప్రసాద్ ఆ వాక్యం ఒక్కటీ చదివాడు.

ఆ రోజు నుంచి జాజ్ అంటే ఆయన చెవి కోసుకునేవాడు. ఇరవై ఒక్కమందితో సమితి వెలిసింది. ఆ ఇరవై ఒక్కమందిలో ఈల వేయడం వచ్చినవాడు కూడా లేడు. దుర్గాసాయి కార్యదర్శి. కాంట్రాక్టరు పెద్దిరాజు కోశాధికారి. భవనం మంజూరైతే కట్టేది ఆయనే కాబట్టి సంగీతం మీద ఆయనకున్న భక్తిని శంకించడానికి వీల్లేదు. భవనం ఇంకా మంజూరు కాకముందే నల్లరాతి ఫలకం మాత్రం తయారైపోయింది. దాని మీద బంగారు అక్షరాలతో నాగేశ్వరప్రసాద్ తండ్రి పేరు చెక్కించి, కింద 'స్మారక జాజ్ భవనము' అని రాయించారు. ఆ పెద్దమనిషి బతికున్నన్నాళ్లూ వీధిలో బ్యాండు చప్పుడు వినపడితే కిటికీలు మూయించేవాడు.

ఇంత హడావుడికీ మూలమైన గంగరాజును మాత్రం సమితి ఒకే ఒక్కసారి కలిసింది. అరవై ఏడేళ్ల మనిషి, బక్కపల్చగా ఉంటాడు. పాట ఎత్తుకున్నాడంటే పల్లవి అయ్యేదాకా బుద్ధిగా వాయిస్తాడు. ఆ తరువాత దాన్ని వీధిలోకి తీసుకెళ్లి, నాలుగు సందులు తిప్పి, దారిలో కనబడిన వాళ్లందరితో మాట్లాడించి, ఇక ఇల్లు చేరదేమో అని మనం కంగారుపడే సమయానికి సరిగ్గా గుమ్మంలో దింపుతాడు. సమితి వాళ్లు ఇంటికి వచ్చినప్పుడు ఆయన మూడుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి తెరవగానే దండ వేశారు. రెండోసారి ఫోటో తీశారు. మూడోసారి మాత్రం రెండు వాక్యాలు బయటికొచ్చాయి.

"బాబూ, నాకు శాలువాలు ఏడున్నాయండి. రీడ్లు మాత్రం రెండే మిగిలాయి."

రీడు అంటే సాక్సోఫోన్ మూతికి బిగించే పల్చటి బద్ద. అది అదిరితేనే వాద్యం పలుకుతుంది, అరిగితే పెద్ద ఇత్తడి గొట్టం మిగులుతుంది. కలకత్తాలో తెలిసిన కొట్టు మూతపడ్డాక గంగరాజు ఆ రెంటినీ బ్లేడుతో గీసుకుంటూ, నీళ్లలో నానబెట్టుకుంటూ, చంటిపిల్లల్ని సాకినట్టు సాకుతున్నాడు. అవీ పోతే తన తండ్రి గోడ అవతల నిలబడి నేర్చుకున్న విద్య తనతోనే సరి అని ఆయనకు తెలుసు. ఆ మాట విని నాగేశ్వరప్రసాద్ కరిగిపోయాడు. "చూశారా, ఎంత నిరాడంబరుడో. ఎనిమిదో శాలువా మనదే కావాలి" అన్నాడు.

ఇక సభ తేదీ సంగతి. కొట్లో కొత్త బీరువా దింపాలన్నా సిద్ధాంతిని అడగందే అడుగు వేయని మనిషి, తండ్రి పేరున ఫలకం ఆవిష్కరించాలంటే ఊరుకుంటాడా? సిద్ధాంతి పంచాంగం అటూ ఇటూ తిరగేసి, మాఘమాసంలో ఈ గురువారం ఉదయాన్ని పట్టుకున్నాడు. "ఏడాది మొత్తానికి దీన్ని మించిన ముహూర్తం లేదండి. ఏ శుభకార్యానికైనా తిరుగులేదు" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజమని సమితికి ఏడున్నరకు తెలిసింది.

ఏడున్నరకు దుర్గాసాయి స్కూటరుకు స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి లోపలికొచ్చాడు.

"గంగరాజు ఇంట్లో లేడండి."

"ఎక్కడికెళ్లాడు?"

"ధవళేశ్వరమండి. పెళ్లిలో వాయించడానికి."

"మన సభ పెట్టుకుని పెళ్లికెళ్లడమేంటి? కార్డు అందలేదా?"

"అందిందండి. దేవుడి పటం పక్కన అంటించుకున్నారు కూడా. వాళ్లావిడ జ్ఞానమ్మ గారిని అడిగితే, 'సన్మానం కద బాబూ, ఎప్పుడైనా పుచ్చుకుంటారు. పెళ్లి ఆగదు కదా' అన్నారండి. పెళ్లివారు కార్తీకమాసంలోనే తాంబూలం ఇచ్చి మాట తీసుకున్నారట. మనం తాంబూలం ఇవ్వలేదు కాబట్టి వాయించడానికి పిలిచినట్టు కాదట."

వంటింట్లో కొబ్బరి కోరే చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

"ఊళ్లో ఇంకో బ్యాండే లేదా? ఎవణ్ణయినా పట్టుకురా."

"పదకొండున్నాయండి. పదకొండూ పెళ్లిళ్లలోనే ఉన్నాయి. ఇవాళ దివ్యమైన ముహూర్తం కదండీ."

నాగేశ్వరప్రసాద్ ఉయ్యాల బల్ల మీద మెల్లగా కూర్చున్నాడు. బల్ల మీద ఆ రోజువే పద్నాలుగు శుభలేఖలు పడి ఉన్నాయి. సమితిలో ఎవరింటికి వెళ్లినా అన్నే ఉంటాయి. నెల రోజులుగా వాటిని ఒకరికొకరు చూపించుకుని 'ఎంత మంచి రోజు పెట్టామో' అని మురిసిపోయారే గాని, ఆ పెళ్లిళ్లన్నిటిలో బ్యాండు ఎవరు వాయిస్తారని ఇరవై ఒక్క బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

ఫోన్లు మొదలయ్యాయి. తణుకులో బ్యాండు మాస్టారి భార్య విషయం విని, ఫోను పక్కన పెట్టి ఎవరికో చెప్పి నవ్వించి, మళ్లీ వచ్చి లేరంది. పాలకొల్లులో ఫోనెత్తిన ముసలావిడ ఇంకా వివరంగా చెప్పింది. "డోలు మొయ్యడానికి మనిషి దొరక్క మా బావగారిని పంపించామండి. ఆయన పోస్టాఫీసులో చేస్తారు. సెలవు పెట్టించాం." రెండు జిల్లాల్లో ఊదగలిగినవాడూ కొట్టగలిగినవాడూ ఒక్కడు కూడా ఖాళీగా లేడు.

పెద్దిరాజు వచ్చి టేపు రికార్డరు పెడదామన్నాడు.

"టేపు వినడానికి ఆవిడ ఢిల్లీ నుంచి రావాలా? వాళ్లింట్లో లేదా టేపు?" అన్నాడు నాగేశ్వరప్రసాద్. భవనం కళ్లముందే జారిపోతోంది. ఆ భవనం కోసం ఏడాదిగా ఎన్ని ఉపన్యాసాలు విన్నాడో, ఎంతమందికి కాఫీలు పోశాడో గుర్తొచ్చి ఆయనకు నిజంగానే దుఃఖం వచ్చింది.

అప్పుడాయన ఆలోచించాడు. ఆలోచించడం ఆయనకు ఎప్పుడూ అచ్చిరాలేదు. "నేను ధవళేశ్వరం వెళ్లి గంగరాజుని అరగంట అడిగి తెచ్చేస్తాను. ఎంతలో పని, కారులో పావుగంట. దుర్గాసాయీ, నువ్వు సభ హాల్లో ఉపన్యాసాలు మొదలెట్టించు. పెద్దిరాజు గారూ, మేడమ్ గారిని పదకొండున్నర దాకా ఎక్కడైనా తిప్పండి. ఊళ్లో మాత్రం ఉంచకండి, ఖాళీ స్టేజీ కంటబడుతుంది."

బయల్దేరుతుంటే సత్యలక్ష్మి ఒక వెండి పళ్లెం తెచ్చి చేతిలో పెట్టింది. అందులో తాంబూలం, గంధం గిన్నె, గులాబీ దండ, మడత పెట్టిన శాలువా ఉన్నాయి. "ఇప్పుడైనా పద్ధతిగా పిలవండి" అంది. ఆయన జ్ఞాపికను కూడా చంకలో పెట్టుకున్నాడు. చెక్క మీద బిగించిన రేకు సాక్సోఫోన్ అది. అవసరమైతే సన్మానం రోడ్డు మీదే చేసేసి మనిషిని కారెక్కించాలని ఆయన ఎత్తు.

ఢిల్లీ నుంచి వచ్చిన అధికారిణి పేరు సేన్. పుట్టి పెరిగింది కలకత్తాలో. యాభై అయిదేళ్లుంటాయి, నేత చీర కట్టుకుని భుజాన గుడ్డ సంచి వేసుకుని, గంటన్నర ఆలస్యంగా వచ్చిన రైలు దిగింది. దండ వేయబోతే చేత్తో పుచ్చుకుంది. గంగరాజు ఎన్నింటికి వాయిస్తాడని అడిగింది. ఉపన్యాసాలేమీ లేవు కదా అని కూడా అడిగింది. పెద్దిరాజుకు ఇంగ్లీషు రాదు కాబట్టి రెండు ప్రశ్నలకూ 'ఎస్' అన్నాడు. ఆయన దృష్టిలో చూడదగ్గది ఏదైనా సిమెంటుతో కట్టి ఉండాలి. అందుకని ఆవిడను ఆనకట్ట చూపించడానికి నేరుగా ధవళేశ్వరమే తీసుకెళ్లాడు.

దారి పొడవునా పెళ్లి ఊరేగింపులకు ఆగి ఆగి, నాగేశ్వరప్రసాద్ కారు పదింబావుకు ధవళేశ్వరంలో కాలవ పక్క వీధిలోకి తిరిగింది. తిరగడమే తప్పయింది. ఎదురుగా పెళ్లికొడుకు ఊరేగింపు వస్తోంది. ముందు ఎర్ర కోట్ల బ్యాండు, వెనక ఓపెన్ టాప్ కారులో పెళ్లికొడుకు, వాళ్ల వెనక ఊరంత బలగం. బ్యాండు మధ్యలో గంగరాజు కళ్లు మూసుకుని సాక్సోఫోన్ వాయిస్తున్నాడు. పాట అప్పటికే గుమ్మం దాటి మూడో సందులో ఉంది. నాగేశ్వరప్రసాద్ కారు దిగి, పళ్లెం రెండు చేతులా పట్టుకుని, జ్ఞాపిక చంకలో ఇరికించుకుని, చిరునవ్వుతో ఎదురు నడిచాడు.

గోదావరి జిల్లాల్లో ఊరేగింపుకు ఎదురుగా, పట్టుపంచె కట్టిన పెద్దమనిషి ఒకడు దండా గంధమూ పళ్లెంలో పెట్టుకుని వస్తే దానికి ఒక్కటే అర్థం. ఎదురుకోలు. ఆడపిల్లవారి తరఫున పెద్దలు వచ్చి, పెళ్లికొడుక్కి దండ వేసి, గంధం పూసి మండపానికి తోడుకుపోయే మర్యాద. పెళ్లికొడుకు మేనమామ ఆయన్ని చూసి చేతులు చాచాడు.

"రండి రండి బావగారూ. ఆలస్యమైతే అలిగి కూర్చుందామనుకున్నాం."

"కాదండి, నేను గంగరాజు కోసం" అన్నాడు నాగేశ్వరప్రసాద్.

ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఎదురుకోలు దగ్గరే బ్యాండు గట్టిగా వాయించాలి. పదహారుమందీ శక్తికొద్దీ అందుకున్నారు. ఆయన ఏడాదిగా కాపాడుతున్న సంగీతం ఆయన గొంతును నిలువునా మింగేసింది. మేనమామ ఆయన్ని కావలించుకున్నాడు. ఎవరో ఆయన బుగ్గలకే గంధం పూశారు. ఇంకెవరో పన్నీరు చల్లారు. ఆయన పళ్లెం వెనక్కి లాక్కుంటుంటే, బిగువు చేస్తున్నాడనుకుని నలుగురూ నవ్వి, దండ తీసి పెళ్లికొడుకు మెడలో వేశారు. శాలువా పెళ్లికొడుకు భుజాల మీద కప్పారు. తాంబూలం మేనమామ జేబులోకి పోయింది. జ్ఞాపిక ఒకాయన అందుకుని, వెనక్కి తిప్పి చూసి, ఇదేం సారె అని పక్కవాడిని అడిగాడు.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో అసలైన ఆడపిల్లవారు అసలైన పళ్లెంతో ప్రత్యక్షమయ్యారు.

బ్యాండు ఆగింది. పెళ్లికూతురి పెదనాన్న తన చేతిలోని దండనూ, పెళ్లికొడుకు మెడలోని దండనూ మార్చి మార్చి చూశాడు.

"ఇదేంటండి, ఈ దండ ఎవరు వేశారు?"

"మీ వాళ్లే కదండీ" అన్నాడు మేనమామ.

"మా వాళ్లు మేమే. ఈయనెవరో మాకు తెలీదు."

"మాకూ తెలీదండి. మీ తాలూకా అనుకున్నాం."

గుంపులోంచి పెళ్లికూతురి నాయనమ్మ లోవమ్మ ముందుకొచ్చింది. ఎనభై ఏళ్లు దాటాయి, నడుం వంగింది గాని మాట వంగలేదు. నాగేశ్వరప్రసాద్‌ని పంచె అంచు నుంచి గంధం బుగ్గల దాకా తేరిపార చూసింది.

"నీకు ఆడపిల్లలున్నారా నాయనా?"

"ఇద్దరండి."

"పెళ్లీడుకొచ్చారా?"

"పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండి."

ఆయన జీవితంలో నిజం చెప్పిన సందర్భాలు తక్కువ. వాటిలో ఇంత తప్పుడు సమయంలో చెప్పింది ఇదొక్కటే. లోవమ్మ మగపెళ్లివారి వైపు తిరిగింది. "ఓహో. లోపాయికారీగా ఇంకో చోట కూడా మాట్లాడుకున్నారన్నమాట. వాళ్లొచ్చి నడివీధిలో దండ కూడా వేసేసుకున్నారు. పిల్లని గదిలోకి తీసుకుపోండర్రా. ఇది తేలేదాకా పీటల మీద కూర్చునేది లేదు."

మగపెళ్లివారు తోకతొక్కిన తాచుల్లా లేచారు. పెళ్లికొడుకు శాలువా తీసేయాలో ఉంచుకోవాలో తెలియక సగం దించి ఊరుకున్నాడు. ముహూర్తం పదీ నలభై ఆరుకి. పురోహితుడు మండపం మెట్ల మీద నిలబడి గడియారం చూపిస్తున్నాడు. ఏడాదంతటికీ తిరుగులేని ముహూర్తం, ఒక బట్టల కొట్టు ఆసామి తెచ్చిన వెండి పళ్లెం దగ్గర ఆగిపోయింది. ఆ ఆసామి అందరికీ ఒకేసారి వివరిస్తున్నాడు. వారసత్వం అన్నాడు, పరిరక్షణ అన్నాడు, ఢిల్లీ అన్నాడు. వినేకొద్దీ వాళ్ల అనుమానం పెరిగింది.

గంగరాజు సాక్సోఫోన్ మూతికి బిగించిన రీడును జాగ్రత్తగా ఊడదీసి, తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తరువాత ముందుకొచ్చాడు.

"అమ్మగారూ, ఆ దండ నాదండి."

"నీదా? నీకెందుకు దండ?"

"సన్మానమండి. ఇవాళ రాజమండ్రిలో నాకు సన్మానం. ఈ బాబు గారు సన్మానం చేసే సంఘానికి పెద్ద. నన్ను తీసుకెళ్లడానికి వచ్చారు. మీ తాంబూలం పుచ్చుకున్నాను కాబట్టి నేను వెళ్లలేదు. కావాలంటే ఆ రేకు బొమ్మ మీద నా పేరుంటుంది, చదివించండి."

పెదనాన్న జ్ఞాపిక తీసుకుని చదివాడు. గంగరాజు పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. పైన నాగేశ్వరప్రసాద్ తండ్రి పేరు పెద్ద అక్షరాల్లో ఉండటంతో వెతుక్కోవాల్సి వచ్చింది. లోవమ్మ పెళ్లికొడుకు వైపు వేలు చూపించింది.

"మరి నీ శాలువా మా పెళ్లికొడుకు కప్పుకున్నాడే."

"ఉంచుకోనివ్వండమ్మా. నాకు ఏడున్నాయి."

నవ్వు ముందు లోవమ్మకే వచ్చింది. ఆవిడ నవ్వాక ఇక మిగతావాళ్లు నవ్వడానికి అడ్డేముంది? పెదనాన్న రెండో దండ కూడా వేశాడు. ఊరేగింపు కదిలింది. నాగేశ్వరప్రసాద్ గంగరాజు కోటు చేయి పట్టుకున్నాడు.

"అరగంట రావయ్యా. కారుంది. పది నిమిషాలు వాయించి వచ్చేద్దువుగాని."

"తాళి పడాలండి. తలంబ్రాలు అవ్వాలి. అప్పగింతల పాట నేనే వాయించాలి. సాయంత్రం దాకా కదలను బాబూ."

"నా పరువుపోతుంది గంగరాజూ. ఢిల్లీ మేడమ్‌కి ఏం చెప్పను?"

"మేడమ్ గారా? ఇందాకట్నుంచి నా పక్కనే నడుస్తున్నారుగా" అన్నాడు గంగరాజు.

నాగేశ్వరప్రసాద్ తిరిగి చూశాడు. సేన్ గారు చెప్పులు చేత్తో పట్టుకుని, జడలో ఎవరో పెట్టిన మల్లెపూలతో, డోలు వాయించేవాడి వెనక నిలబడి ఉంది. ఆవిడ వెనక పెద్దిరాజు నేరం చేసినవాడిలా నిలబడ్డాడు. ఆనకట్ట మీద కారు దిగగానే సాక్సోఫోన్ వినపడిందట. ఆవిడ గేట్లూ కాలవలూ ఏవీ చూడకుండా ఆ పాట పట్టుకుని కాలవగట్టు మీద నడిచి వచ్చేసిందట. ఇదే కార్యక్రమం అనుకుంది. దండల మీద జరిగిన గొడవ కూడా కార్యక్రమంలో భాగమే అనుకుంది.

ఆవిడ నాగేశ్వరప్రసాద్ చేతులు పట్టుకుని అభినందించింది. వారసత్వ ఉత్సవమంటే ప్రతి ఊళ్లోనూ తనని వేదికెక్కించి మూడు గంటలు మాట్లాడి చంపుతారనీ, సంగీతాన్ని అది పుట్టిన చోటే, వీధిలోనే, పెళ్లిలోనే వినిపించిన సంఘం ఇదొక్కటేననీ చెప్పింది. ఆయనకు ఇంగ్లీషు సగమే అర్థమైనా ఆ సగం చాలు. గంధం ఎండిన ముఖం వెలిగిపోయింది. ముహూర్తబలం అంటే ఇదేనని మనసులోనే సిద్ధాంతికి దణ్ణం పెట్టుకున్నాడు.

తాళి కట్టే వేళ గంగరాజు రీడు మళ్లీ బిగించి వాయించాడు. సేన్ గారు చాప మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. అక్షింతలు వేశాక ఆవిడ నాగేశ్వరప్రసాద్‌ని పక్కకు పిలిచి, ఈ సంగీతం వినాలంటే ఈ ఊరివాళ్లు మామూలుగా ఏం చేస్తారని అడిగింది.

"మ్యారేజ్ చేస్తారు మేడమ్."

ఈ మధ్య పెళ్లిళ్లు తగ్గిపోతున్నాయా అని అడిగింది.

తన ముహూర్తాన్ని తక్కువ చేసినట్టనిపించి ఆయనకు రోషం వచ్చింది. "నో మేడమ్. టుడే ఓన్లీ, టూ డిస్ట్రిక్ట్స్, తౌజండ్ మ్యారేజెస్. నో బ్యాండ్ ఖాళీ" అన్నాడు గర్వంగా.

అలాంటప్పుడు ఇక భవనం దేనికని ఆవిడ చాలా మర్యాదగా అడిగింది.

ఆయన జవాబు కోసం పెద్దిరాజు వైపు చూశాడు. పెద్దిరాజు పులిహోర వైపు చూశాడు. చివరికి "మై ఫాదర్, మేడమ్" అన్నాడు నాగేశ్వరప్రసాద్. ఆవిడ తల ఊపి, ఆయన్ని అక్కడే వదిలేసి, ఎర్ర కోట్ల వాళ్లు మంచినీళ్లు తాగుతున్న చోటికి వెళ్లింది. గంగరాజుకు తండ్రి ద్వారా వచ్చిన ఆస్తిలో కాస్త రైల్వే ఇంగ్లీషు కూడా ఉంది. మీకేం కావాలని ఆవిడ అడిగింది. ఏడు సన్మానాల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. ముసలాయన జేబులోంచి రెండో రీడు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. దాని కొస ఒక పక్క విరిగిపోయి ఉంది. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి, మీద ముద్రించిన నంబరు రాసుకుంది.

మధ్యాహ్నం రెండింటికి నాగేశ్వరప్రసాద్ బిక్కుబిక్కుమంటూ సభ హాలుకు చేరాడు. ముఖ్య అతిథి లేదు, బ్యాండు లేదు, అధ్యక్షుడు లేడు. ఊరు ఊరంతా నవ్వుతుంటుందనుకున్నాడు. దుర్గాసాయి గుమ్మంలో ఎదురొచ్చాడు.

"ఎలా జరిగిందయ్యా?"

"బాగానే జరిగిందండి. తొమ్మిదోవారు ఇంకా మాట్లాడుతున్నారు."

"బ్యాండేదని ఎవరూ అడగలేదా?"

"బ్యాండు దాకా రాలేదండి."

మర్నాడు పేపర్లో వార్త కూడా వచ్చింది. పత్రికా ప్రకటన ముందురోజే పంపడం వల్ల, గంగరాజు సాక్సోఫోన్ వాదనం సభికులను ఆనందసాగరంలో ఓలలాడించిందనీ, అధ్యక్షులు నాగేశ్వరప్రసాద్ గారు ఆయన్ని శాలువాతో సత్కరించారనీ అందులో ఉంది. ఆ శాలువా అప్పటికి కొత్త పెళ్లికొడుకుతోపాటు అత్తవారింట్లో ఉంది.

నెల తరువాత ఢిల్లీ నుంచి రెండు వచ్చాయి. సమితికి వచ్చింది ఉత్తరం. రాజమండ్రి జాజ్ వారసత్వం ఆరోగ్యంగా ఉందనీ, దానికి భవనం కన్నా పెళ్లిళ్లే మంచి రక్షణ అనీ, వెయ్యి పెళ్లిళ్ల లెక్క స్వయంగా అధ్యక్షులే చెప్పారనీ అందులో ఉంది. నల్లరాతి ఫలకం బట్టల కొట్టు గోడౌనులో పై అరకు ఎక్కడానికి మెట్టుగా కుదిరింది. గంగరాజుకు వచ్చింది పార్శిలు. సేన్ గారు సొంతంగా కొని పంపిన రీడ్లు, రెండు పెట్టెల నిండా. జ్ఞానమ్మ వాటిని దేవుడి పటం దగ్గర పెట్టి, సన్మానం కార్డును పీకేసింది.

కార్తీకంలో ఒకరోజు గంగరాజు తనంతట తానే కొట్టుకు వచ్చాడు. నాగేశ్వరప్రసాద్ గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఈ ఏటి సభకు వక్తల పేర్లు రాసుకుంటున్నాడు. పన్నెండుమంది అయ్యారు.

"బాబూ, మీ సభకి మా వాళ్లందరినీ అడిగానండి. రెండు జిల్లాల నుంచీ అరవైమందిమి వస్తాం. తాంబూలం కూడా అక్కర్లేదు. నా దగ్గర ఇప్పుడు రీడ్లున్నాయి, ఇద్దరు కుర్రాళ్లకి నేర్పుతున్నాను కూడా. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వాయిస్తాం. కాకపోతే ఒకటే మనవండి. ఆషాఢంలో పెట్టండి. పెళ్లిళ్లుండవు, అందరం ఖాళీ."

నాగేశ్వరప్రసాద్ కలం కింద పెట్టి ఆయన్ని జాలిగా చూశాడు. "ఆషాఢంలో శుభకార్యమేంటి గంగరాజూ? ఆషాఢంలో తగ్గింపు ధరలకి చీరలమ్ముతాం. నువ్వు సంగీతం చూసుకో. ఇలాంటివి నీకు తెలీవు."

గంగరాజు "ఆయ్" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. నాగేశ్వరప్రసాద్ చెప్పులు తొడుక్కుని సిద్ధాంతి ఇంటికి వెళ్లాడు. సిద్ధాంతి కొత్త పంచాంగం ఆసాంతం తిరగేసి, పోయినేడాది దానికన్నా మంచి ముహూర్తం పెట్టాడు.